వెనక వచ్చేవాళ్ల సగం

మా బాల్కనీకి పావురాలు రాకుండా వల కట్టించాం. ఆ వల వెనక చక్రాల కుర్చీలో కూర్చుని మా మామయ్యగారు రోజూ పొద్దున్నే కిందికి చూసేవారు. కింద కాంపౌండు గోడ, గోడ అవతల చెరువు. చెరువని పేరే గాని నీళ్లు ఎక్కడా కనపడేవి కావు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా గుర్రపుడెక్క పచ్చగా పరుచుకుని ఉండేది. ఫ్లాట్ అమ్మినప్పుడు ఏజెంటు లేక్ వ్యూ అని మురిపించి చూపించింది దీన్నే. నేను టీ కప్పు పట్టుకుని పక్కన నిలబడితే ఆయన కుడిచెయ్యి ఎత్తి, తిరగని నాలుకతో కూడబలుక్కుని హెచ్చరించేవారు.

"అది గడ్డి అనుకునేవు బిడ్డా. అడుగేస్తే లోపలికి గుంజుతది. పక్కోన్ని లేపుదామని చెయ్యిస్తే ఇద్దరు పోతరు."

అటు వెళ్లనని మాటిచ్చేదాన్ని. వెళ్లడానికి నాకు తీరికుంటే కదా. ఆ ఏడాది నేను మా గేటు దాటి రోడ్డు మీద కాలు పెట్టిందే అరుదు. కూరగాయలు ఫోన్లో చెబితే వచ్చేవి, మందులు ఫోన్లో చెబితే వచ్చేవి, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఉండేది. కూకట్‌పల్లిలో ఉన్న మా అమ్మ ఎప్పుడొస్తావే అని అడిగి అడిగి మానేసింది. హైదరాబాద్‌లోనే ఉండి హైదరాబాద్‌ని పంతొమ్మిదో అంతస్తు నుంచి చూసుకుంటూ బతికాను.

మామయ్యగారు సూర్యాపేట వైపు పల్లెల్లో బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. జీతం బడిది, మనసు కమ్యూనిస్టు పార్టీది. వేసవి సెలవులొస్తే ఊరూరా తిరిగి కుర్రవాళ్లకు రాజకీయ తరగతులు చెప్పేవారు. వాటిలో ఆయన ప్రాణం పెట్టి చెప్పేది చైనా ఎర్రసైన్యం వేల మైళ్లు నడిచిన లాంగ్ మార్చ్ గురించి. ఆయన చైనా చూడలేదు. మంచు చూసింది కూడా మా ఫ్రిజ్ పై అరలోనే. అయినా ఆ మంచుకొండల గురించి చెబుతుంటే మే నెల ఎండలో, చెట్టు కింద కూర్చున్నవాళ్లు కండువాలు భుజాల చుట్టూ లాక్కునేవారని మా ఆయన నవ్వుతూ చెప్పేవాడు.

నాకూ చెప్పారు, పెళ్లయిన కొత్తలో. శత్రువు నాలుగు పక్కలా ముట్టడించాడు. ఉన్నచోటే ఉంటే చావు తప్పదని తెలిసి, సైన్యం వలయంలో ఒక సందు చూసుకుని బయటపడింది. మొదట్లో ఇల్లు మారుతున్నట్టే అన్నీ మోసుకుని బయల్దేరారట, అచ్చుయంత్రాలు, కుట్టుమిషన్లు, బల్లలు. కొండలు ఎక్కేకొద్దీ ఒక్కొక్కటే లోయల్లోకి తోసేశారు. మంచుకొండల మీద కాసేపు అలుపు తీర్చుకుందామని కూర్చున్నవాళ్లు మళ్లీ లేవలేదు. దారిలో కాన్పయిన ఆడవాళ్లు బిడ్డల్ని ముక్కూ మొహం తెలియని రైతుల ఇళ్లలో వదిలేసి, వెనక్కి చూడకుండా నడిచారు. కొండలు దాటాక గడ్డిమైదానం. పైకి గడ్డి, కింద అంతు తెలియని బురద. నిప్పు రాజెయ్యడానికి ఎండుపుల్ల లేదు, నడుం వాల్చడానికి ఆరిన నేల లేదు. వీపుకి వీపు ఆనించి కూర్చుని నిద్రపోయేవారు. తెల్లారేసరికి ఆ వీపుల్లో కొన్ని చల్లబడి ఉండేవి. నడుముకి కట్టుకున్న తోలు బెల్టుల్ని ఉడకబెట్టుకుని తిన్నారు.

అన్నిటికన్నా ఆయనకి చెప్పడం కష్టమయ్యేది తిండి సంగతి. గడ్డిమైదానంలో తినదగ్గ ఆకులు కొన్నే. ముందు నడిచినవాళ్లు వాటిని పీక్కుని తినేస్తే, వెనక దళాలు వచ్చేసరికి ఖాళీ బురద. వెనకవాళ్లు ముందువాళ్ల మలంలో అరగని గింజలు ఏరి కడుక్కుని తిన్నారని చెప్పేవారు. మరి అంత కష్టంలో ఎందుకు నడిచారు, ఎక్కడో ఒకచోట ఆగిపోవచ్చు కదా అని ఒకసారి అడిగాను.

"ఎనకొచ్చేటోళ్లు ఉన్నరు గద బిడ్డా. నువ్వు ఆగితే వాళ్లు ఏడికి రావాలె?" అన్నారు.

ఇది కథల వరకే ఉంటే నాకు బాగానే ఉండేది. ఆయన కంచంలోకి కూడా తెచ్చుకున్నారు. అన్నం వడ్డించగానే వేలితో నడిమికి గీత గీసి, ఇవతలి సగం తిని, అవతలి సగాన్ని ఒక్క మెతుకు ముట్టకుండా వదిలేసేవారు. పెళ్లిచూపులకి మా ఇంటికొచ్చిన రోజు కూడా అంతే. మా వాళ్లు గుంటూరు వైపు నుంచి వచ్చి కూకట్‌పల్లిలో స్థిరపడ్డవాళ్లు. పెట్టిన కంచంలో సగం వదిలేస్తే మా అమ్మ దృష్టిలో అది వంటకి తిట్టు, సంబంధానికి చెల్లుచీటీ. వంటింట్లోకొచ్చి, పిల్ల నచ్చలేదని చెప్పే పద్ధతి కాబోలు ఇది అని ముక్కు చీదింది. ఆ లోపల మా అత్తగారు భర్త కంచం నెమ్మదిగా తనవైపు లాక్కుని, మిగిలిన సగం తినేసి, గోంగూర చాలా బాగుంది వదినా అన్నారు. 

తర్వాత తెలిసింది, వాళ్లింట్లో రోజూ జరిగేది అదేనని. ఆయన వెనక వచ్చేవాళ్లకని వదిలేది, ఆవిడ తినేది. పెళ్లినాటి నుంచీ ఆవిడ తిన్న అన్నమంతా ఆయన గీతకి అవతలిదే. ఆవిడకి తన కంచంలో, తన వేడి అన్నం, తను ఆకలేసినప్పుడు తినాలని ఎప్పుడైనా అనిపించిందో లేదో ఎవరూ అడగలేదు. ఎక్కడో చైనాలో చచ్చిపోయిన సైనికుల ఆకలి ఆయనకి తెలుసు, పక్కన నిలబడ్డ మనిషిది తెలియదు. నాకు ఒళ్లు మండేది. ఆవిడ పోయాక ఆ సగం ఫ్రిజ్‌లోకి, అక్కడి నుంచి చెత్తబుట్టలోకి వెళ్లేది. అప్పుడు కూడా ఆయన గీత మానలేదు.

పక్షవాతం వచ్చి ఎడమపక్క పడిపోయాక మా దగ్గరికి తెచ్చుకున్నాం. మొదట్లో కర్ర స్టాండు పట్టుకుని నాలుగడుగులు వేసేవారు. తర్వాత తల లోపల కూడా ఏదో జారడం మొదలైంది. పొద్దున బాల్కనీలోంచి చూస్తే ఫ్లైఓవర్ దాకా ఆఫీసు కార్లు కదలకుండా ఆగి ఉండేవి. ముట్టడి ఇంకా ఎత్తెయ్యలేదా అని అడిగేవారు. చుట్టూ కడుతున్న టవర్ల మీద క్రేన్లు తిరుగుతుంటే కాపలా బురుజులనుకునేవారు. ఒకరోజు నేను కాల్‌లో ఉండగా ఎలా వెళ్లారో లిఫ్టెక్కి పార్కింగ్‌లోకి దిగారు. అక్కడ డ్రైవర్లందరినీ లైట్లు ఆర్పమని, పైన విమానాలు తిరుగుతున్నాయని చెబుతుంటే సెక్యూరిటీ వాళ్లు ఫోన్ చేశారు. ఆ సాయంత్రమే మా ఆయన తలుపుకి అంకెలు నొక్కే తాళం పెట్టించాడు.

ఆ తాళం పడినప్పుడల్లా కీచుమని ఒక శబ్దం వచ్చేది. అది వినగానే మామయ్యగారు తలుపు వైపు చూసి, మనల్ని లోపలేసిండ్రు అనేవారు. మనల్ని అన్నమాట నాకు గుచ్చుకునేది. అంకెలు నాకు తెలుసు, ఎప్పుడంటే అప్పుడు తియ్యొచ్చు. కానీ తీసి ఎక్కడికి వెళ్లాలి? మా ఆయన వారంలో మూడు రోజులు గచ్చిబౌలి ఆఫీసుకి వెళ్లి తప్పించుకునేవాడు. నేను టెస్టింగ్ టీమ్ చూసేదాన్ని. ఇంటి నుంచి పని చేసుకోనిస్తామన్న కంపెనీ దయ ఎన్నాళ్లుంటుందో తెలియక, ఆ దయకి బదులుగా పిలిచిన ప్రతి మీటింగ్‌లోనూ కూర్చునేదాన్ని. ఒక చెవిలో మేనేజరు, ఒక చెవిలో మామయ్యగారు.

తోడుగా ఒక అటెండెంట్ ఉండేవాడు. పాలమూరు వైపు మనిషి, నలభై దాటినవాడు, మియాపూర్‌లో కిరాయికి ఉండేవాడు. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లేవాడు. స్నానం చేయించడం, అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టడం, తినిపించడం అతని పని. పెద్దసారు అని పిలిచేవాడు. మామయ్యగారు అతన్ని ఏ దళమని అడిగితే ఏజెన్సీ పేరు చెప్పేవాడు.

డాక్టరు మెత్తగా మెదిపిన పప్పన్నమే పెట్టమన్నాడు, ఉప్పు పేరుకి. గిన్నె ఒళ్లో పెట్టగానే మామయ్యగారు చెంచాతో నడిమికి గీత గీసేవారు. ఇవతలి సగం అయ్యాక నోరు మూసుకునేవారు. నేను రెండింతలు వడ్డించి చూశాను. ఆయన గిన్నెలోకి చూసి, నా మొహంలోకి చూసి, గీతని తనవైపు జరిపి గీశారు. పంతులుకి లెక్క తెలియదా. నెయ్యి పోశాను, గుడ్డు కలిపాను, చిన్న గిన్నెలు మార్చాను. ఏం చేసినా సగమే. ఆ సగం కూడా సరిగ్గా మింగుడు పడక కొంత గదవ మీదుగా కారిపోయేది. చొక్కాలు వదులైపోయాయి. చేతి ఎముక మీద చర్మం జారుతుండేది.

నెలకోసారి చూపించడానికి తీసుకెళ్లినప్పుడు డాక్టరు బరువు చూసి తల అడ్డంగా ఊపాడు. ఇలాగే తగ్గితే ముక్కులోంచి కడుపులోకి గొట్టం వెయ్యక తప్పదన్నాడు. పక్క గదిలో గొట్టం వేసిన పెద్దాయన ఒకరున్నారు. గొట్టం పీకేసుకోకుండా ఆయన రెండు చేతుల్నీ గుడ్డపట్టీలతో మంచం కమ్మీలకి కట్టేశారు. ఆ వేళ్లు ఊరికే తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. మామయ్యగారి కుర్చీ ఆ తలుపు ముందు లిఫ్టు కోసం ఆగింది. లిఫ్టు వచ్చేదాకా ఆయన ఆ వేళ్లనే చూశారు.

ఇంటికొచ్చేటప్పుడు కారులో, చాలా తేటగా, ఏ మైదానమూ లేని గొంతుతో అన్నారు. "నా చేతులు కట్టనియ్యకు బిడ్డా."

కట్టనివ్వనన్నాను. మాటైతే ఇచ్చాను గాని ఆయన తినకపోతే దాన్ని ఎలా నిలబెట్టుకోవాలో నాకు తెలియదు. ఆ రోజు నుంచీ ఆ గిన్నె తప్ప నాకింకేమీ కనపడలేదు. కాల్‌లో ఎవరో ఏదో అడుగుతుంటే నా కళ్లు గదిలోకే పోయేవి, చెంచా ఎత్తాడా, మింగారా అని.

అప్పుడే నాకు గొప్ప ఆలోచన వచ్చింది. వెనక వచ్చేవాళ్ల కోసమే కదా సగం. వాళ్లే లేరంటే? ఒక మధ్యాహ్నం మీటింగ్‌లో నా మైకు మ్యూట్ చేసి, ఒక చెవికి ఇయర్‌ఫోన్ ఉండగానే ఆయన దగ్గరికెళ్లి, హుషారుగా చెప్పాను.

"వెనక ఎవరూ లేరు మామయ్యగారూ. మీరే ఆఖరు. మొత్తం తినెయ్యండి."

ఆయన చెంచా ఆపారు. "ఎవ్వరు లేరా?"

"ఒక్కరు కూడా లేరండి."

"అందరు పోయిన్రా?"

చెవిలో ఎవరో నా పేరు పిలిచి సాఫ్ట్‌వేర్ రిలీజ్ తేదీ అడుగుతున్నారు. నేను తల ఊపాను. ఆయన చేతిలోంచి చెంచా గిన్నెలో పడింది. మొహం సగమే కదిలే మనిషి, ఆ సగంతోనే ఏడ్చారు. శబ్దం మాత్రం రెండు సగాలదీ వచ్చింది. అటెండెంట్ పరుగెత్తుకొచ్చి, ఏమైంది మేడం అని నన్నే అడిగాడు.

నేనేం చెప్పానో నాకప్పుడు తట్టింది. సైన్యం వలయం దాటేటప్పుడు శత్రువుని నిలబెట్టడానికి కొందరిని వెనకే వదిలి వెళ్లారు, నడవలేని గాయాలవాళ్లతో సహా. వాళ్లలో బతికి బయటపడ్డవాళ్లు కొద్దిమందే. తరగతుల్లో ఆ ముక్క వచ్చినప్పుడు ఆయన కుర్రవాళ్లని లేచి నిలబడమనేవారట. ఆ నడక కథ తెలిసిన ఏ మనిషికైనా వెనక ఎవరూ లేరంటే అర్థం ఒక్కటే. వాళ్ల చావుకబురు నేను ఇయర్‌ఫోన్ పెట్టుకుని చెప్పాను.

ఆ పూట నుంచి ఆయన నోరు తెరవలేదు. చెంచా పెదవులకి ఆనిస్తే పళ్లు బిగించేవారు. నేను తప్పు చెప్పాను, వాళ్లు బతికే ఉన్నారు, వస్తున్నారు అని ఎన్ని విధాల చెప్పినా నా వైపు జాలిగా చూశారు. ఓదార్చడానికి అందరూ చెప్పే మాట అదేనని ఆయనకి తెలుసు. మా ఆయన సెలవు పెట్టి పక్కన కూర్చుని బతిమాలాడు. చివరికి బయటికొచ్చి డాక్టరుకి ఫోన్ చేస్తే, ఇంక ఆలస్యం చెయ్యొద్దు, రేపు పొద్దున తీసుకొచ్చెయ్యండి అన్నాడు. మా ఆయన సంచీ సర్దుతుంటే నేను ఆ గుడ్డపట్టీల గురించి ఎత్తాను. మరి ఆకలితో చావనిద్దామా అన్నాడు.  ఇద్దరం చెరో గదిలో కూర్చున్నాం.

ఆ రోజే మధ్యాహ్నం దాటాక ఆయన్ని బాత్రూమ్‌కి తీసుకెళ్లాల్సొచ్చింది. అటెండెంట్ తిండికని వెళ్లాడు, కాబట్టి కుర్చీ నేనే తోశాను. దారి వంటింటి పక్క నుంచి. వంటింటి వెనక వాషింగ్ మెషిన్ పెట్టుకునే చిన్న బాల్కనీ ఉంది. దాని తలుపు తీసి ఉంది. అటెండెంట్ బోర్లించిన బకెట్ మీద కూర్చుని, డబ్బా మోకాళ్ల మీద పెట్టుకుని, పొద్దున కట్టుకొచ్చిన అన్నం తింటున్నాడు. వాళ్లు ఇంట్లోవాళ్లతో కలిసి తినకూడదని ఏజెన్సీ నియమం. మా టవర్లో అందరి అటెండెంట్లూ అక్కడే తినేవారు. నేనూ ఆ బకెట్‌ని చూడటం ఎప్పుడో మానేశాను.

మామయ్యగారు కుడిచేత్తో చక్రం పట్టేసుకున్నారు. కుర్చీ కదల్లేదు.

"ఎవరది?"

అతను నోట్లో ముద్దతోనే లేచి నిలబడ్డాడు. "నేనే పెద్దసారు."

"ఏడికెల్లి వస్తున్నవ్?"

అతను ఉన్న నిజమే చెప్పాడు. "మియాపూర్ నుంచి సార్. ఇయ్యాల బస్సు దొరకలే. నడిచొచ్చిన."

"నడిచొచ్చినవా?" మామయ్యగారు అతని కాళ్ల వైపు చూశారు, డబ్బా వైపు చూశారు.  "ఎనక ఇంకెవరన్న ఉన్నరా?"

అతను నా వైపు చూశాడు. నేను తల ఊపాను, ఈసారి ఏ చెవిలోనూ ఏమీ లేకుండా.

"ఉన్నరు సార్. శానమంది ఉన్నరు. మెల్లగ వస్తున్నరు."

గిన్నె తెమ్మని మామయ్యగారు చెయ్యి ఊపారు. పప్పన్నం కలిపి తెచ్చే తొందరలో సగం వంటగట్టు మీదే పడింది. ఆయన గీత గీశారు. అవతలి సగం అతను తినాలి, తన కళ్ల ముందే తినాలి. అతను ఆ ఉప్పులేని ముద్దని తన డబ్బా మూతలోకి తీసుకుని, బకెట్ మీద కూర్చుని తిన్నాడు. అతను మింగడం చూశాక ఆయన నోరు తెరిచారు. వాషింగ్ మెషిన్ పక్కన నిలబడి నేను ఒక్కొక్క చెంచా అందించాను. మర్నాడు డాక్టరు, తింటున్నారు కదా, చూద్దాం అన్నాడు. సంచీ విప్పేశాం.

అప్పటి నుంచి ఒంటిగంటకి ముగ్గురం భోజనాల బల్ల దగ్గర కూర్చునేవాళ్లం. ఏజెన్సీకి చెప్పలేదు. ఒకరు తింటే చాలదు, నువ్వు తిన్నవా బిడ్డా అని నన్నూ అడిగేవారు. పెళ్లయిన నాటి నుంచీ ఆయన రోజూ అడిగిన మాటే అది. నేను పలకరింపనుకుని ఆఁ అనేసి ల్యాప్‌టాప్ ముందు నాలుగింటికి ఏదో కతికేదాన్ని. ఇప్పుడు ఆఁ అంటే నమ్మేవారు కాదు, మింగి చూపించాలి. ఆ గంట ఆఫీసు క్యాలెండర్‌లో నాకు పనుందని గుర్తు పెట్టేశాను. మేనేజరు ఏం పనని అడిగితే భోజనం అన్నాను. ఆవిడ నవ్వి, సీరియస్‌గా చెప్పు అంది.

బరువు పెరగలేదు గాని తగ్గడం ఆగింది. ఆ మాత్రానికే డాక్టరు గొట్టం మాట ఎత్తలేదు. అంతలో వానలు మొదలయ్యాయి. అటెండెంట్ వాళ్ల అమ్మకి ఊళ్లో ఇలాగే కాలూ చెయ్యీ పడిపోయాయని కబురొచ్చింది. ఆమెని చూసుకోవడానికి ఎవరూ లేరు. వెళ్లేటప్పుడు మామయ్యగారి కాళ్లకి దండం పెట్టి, ముందు పోతున్న సార్, మీరు మెల్లగ రాండ్రి అన్నాడు. తర్వాత ఏజెన్సీ పంపినవాళ్లు వేరొకరి గిన్నెలోది ముట్టబోమన్నారు. వాళ్లని తప్పుపట్టలేను. వెనక దళంలో నేనొక్కదాన్నే మిగిలాను.

రోజూ ఆ చల్లారిన సగం తినడం మొదలుపెట్టాక అత్తగారిని తలుచుకుని నాకు వచ్చినంత ఏడుపు ఆవిడ పోయినప్పుడు కూడా రాలేదు. ఆవిడ స్థానంలోకి నన్ను ఎవరూ తొయ్యలేదు, అయినా సరిగ్గా వచ్చి అక్కడే కూర్చున్నాను, చేతిలో అదే సగం. ఆయన మీద కోపం, తప్పించుకు తిరిగే మా ఆయన మీద కోపం, నా చదువు మీద, ఉద్యోగం మీద, పంతొమ్మిది అంతస్తుల మీద కోపం. ఎప్పటికి అయిపోతుందిరా భగవంతుడా అనుకున్న రోజులు లేకపోలేదు. అయిపోవడమంటే ఏమిటో తెలిసే అనుకున్నాను.

వానలు వెనకబట్టాక చెరువులోకి ఒక యంత్రం దిగింది. నీళ్లలో నడిచే పొక్లెయిన్ లాంటిది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గుర్రపుడెక్కని పెళ్లలు పెళ్లలుగా పీకి గట్టు మీద పోసేది. మామయ్యగారు బాల్కనీలోంచి కదిలేవారు కాదు. ఎండ మొహం మీద పడుతున్నా లోపలికి రానన్నారు. మొదట ఒక మూల నీళ్లు బయటపడ్డాయి, తర్వాత గట్టు వెంట, తర్వాత నడిమికి. చివరికి ఒక పొద్దున చూస్తే పచ్చదనం ఎక్కడా లేదు. ఎదుటి టవర్లు తలకిందులుగా నీళ్లలో కనపడుతున్నాయి. నాకూ ఊపిరాడినట్టయింది. గడ్డి పోయింది చూడండి అన్నాను.  ఆయన అలుపు తీరిన మనిషిలా వెనక్కి ఆనుకున్నారు.

ఆ మధ్యాహ్నం గిన్నె ఒళ్లో పెట్టి, మంచినీళ్లు తేవడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఆయన తనే తింటున్నారు. గీత లేదు. చెంచా అంచు నుంచి అంచుకి తిరుగుతోంది. అడుగున అంటుకున్నది కూడా గీకి నోట్లో పెట్టుకుని, చెంచా బోర్లించి, గిన్నె నాకు చూపించారు. నేను ఎన్ని నెలలు ఆ ఖాళీ గిన్నె కోసం చూశానో. ఆనందం పట్టలేక మా ఆయనకి ఫోటో పంపుదామని ఫోన్ కూడా తీశాను. తీస్తూనే, ఇవాళ మొత్తం తిన్నారే, మరి వెనకవాళ్లకో అని పరాచికంగా అడిగాను.

"అందరు దాటిన్రు బిడ్డా. నేనే ఆఖరు. ఇగ పండుకుంట."

నెమ్మదిగా, తృప్తిగా అన్నారు. కళ్లు మూసుకున్నారు. చెరువు నీళ్ల వెలుగు సీలింగ్ మీద కదులుతోంది. నా చేతిలో ఖాళీ గిన్నె, అంచు మెరుస్తూ. వెనకవాళ్లు ఉన్నారు కాబట్టే నడిచారని చెప్పిన మనిషి ఈయనే. ఇప్పుడు వెనక ఎవరూ లేరు. నేను ఒకప్పుడు చెప్పిన అబద్ధమే, ఈసారి ఆయన నిజమనుకుని ఒప్పుకున్నారు.

ఫోన్ ఎక్కడ పడేశానో గుర్తులేదు. వంటింట్లోకి వెళ్లి, కుక్కర్లో ఉన్నదంతా గిన్నెలోకి తీసి, మెదిపీ మెదపకుండా తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాను. ల్యాప్‌టాప్‌లో ఎవరో పిలుస్తూనే ఉన్నారు. ఇన్నాళ్లూ ఎప్పుడైపోతుందా అని కాచుకుని కూర్చున్నదాన్ని, నేల మీద మోకాళ్లు వేసి ఆయన కుడిచెయ్యి పట్టుకున్నాను.

"ఇంకా ఒకళ్లున్నారు మామయ్యగారూ."

ఆయన కళ్లు తెరిచారు. "ఎవరు?"

"నేనండి. నేనింకా తినలేదు. నేనింకా దాటలేదు."

ఆయన నా మొహంలోకి చూశారు. మైదానంలో ఉన్న చూపో, మా ఇంట్లో ఉన్న చూపో చెప్పలేను. చెంచా తీసుకున్నారు. గీత వంకరగా వచ్చింది. ఇవతలి నుంచి ఒకే ఒక్క చెంచా తిని, కష్టంగా మింగి, గిన్నెని నా వైపు జరిపారు.

సగం కంటే చాలా ఎక్కువే వదిలారు.